9,41,303 పౌండ్లు: అంతర్యుద్ధంలో ఒక ఇంగ్లిష్ ప్రభువు జమాఖర్చు

న్యూకాజిల్ డ్యూక్ విలియం కావెండిష్ గురించి ఆయన రెండో భార్య మార్గరెట్ రాసిన జీవితచరిత్ర 1667లో అచ్చయింది. అందులో యుద్ధాల వర్ణన ఎంత శ్రద్ధగా ఉందో, నష్టాల పట్టిక కూడా అంత శ్రద్ధగా ఉంది. 1642లో రాజు చార్లెస్‌కూ పార్లమెంటుకూ మధ్య మొదలైన అంతర్యుద్ధం వల్ల తన భర్తకు పోయింది మొత్తం 9,41,303 పౌండ్లు అని ఆవిడ తేల్చింది. ఆ రోజుల్లో కాల్బలం సిపాయి జీతం రోజుకు 8 పెన్నీలు. పౌండుకు 240 పెన్నీలు. ఏడాదంతా పనిచేసినా 12 పౌండ్ల పైచిలుకే. అంటే డ్యూక్ గారి నష్టం దాదాపు 77 వేల మంది సిపాయిల ఏడాది జీతం.

అంకె నమ్మశక్యంగా లేదు. కానీ దాన్ని పద్దుల వారీగా విప్పి చూస్తే యుద్ధకాలంలో ఒక భూస్వామి బతుకు ఎలా నడిచిందో యుద్ధ పటాల కంటే బాగా తెలుస్తుంది.

మొదటి పద్దు కౌలు. 1641లో ఆయన భూముల మీద ఏటా వచ్చేది 22,393 పౌండ్లు. పద్దెనిమిదేళ్లు అది చేతికి రాలేదు కాబట్టి 4,03,083 పౌండ్లు. ఇక్కడితో ఆగితే సరిపోయేది. మార్గరెట్ దానికి 6 శాతం వడ్డీ కలిపి 7,33,579 చేసింది. నేను వెనక్కి లెక్క కట్టి చూస్తే, ప్రతి ఏడాది మొదట్లోనే కౌలంతా చేతికొచ్చి, పైసా ఖర్చు పెట్టకుండా చక్రవడ్డీకి తిప్పితే గానీ ఆ అంకె రాదు. బోల్సోవర్‌లో రాజుగారికి ఒక్క విందు ఇవ్వడానికి 14–15 వేల పౌండ్లు ఖర్చు పెట్టిన మనిషి విషయంలో ఇది మరీ విడ్డూరం. మొత్తం నష్టంలో మూడో వంతుకు పైగా ఈ వడ్డీయే. మిగతా పద్దులు మాత్రం గట్టివి: నరికేసిన కలప 45,000, అప్పులు తీర్చడానికి అమ్ముకున్న భూములు 56,000, పూర్తిగా చేజారిన భూములు 40,300, ముందు ముందు రావలసి ఉండి రాకుండా పోయినవి 51,424, తమ్ముడు కట్టిన జరిమానా 5,000.

జమీందారు అనే మాట ఇక్కడ సరిగ్గా అతకదు. మన జమీందారు సర్కారు తరఫున శిస్తు వసూలు చేసి, పేష్కషు కట్టి, మిగిలింది ఉంచుకునేవాడు. ఇంగ్లిష్ ప్రభువుది భూమి మీద సొంత హక్కు. కౌలు ఆయన సొంత ఆదాయం. ఏడాదికి రెండు వాయిదాలు: మార్చి 25, సెప్టెంబరు 29. ఆ రెండు రోజుల్లో కౌలుదారుడు ఎవరి మేనేజరు చేతిలో డబ్బు పోసి రసీదు తీసుకుంటాడన్నదే యుద్ధంలో అసలు ప్రశ్న.

కావెండిష్ భూములు ఎక్కువగా నాటింగ్‌హమ్‌షైర్, డర్బీషైర్ జిల్లాల్లో ఉన్నాయి. వెల్‌బెక్‌లో పెద్ద ఇల్లు, బోల్సోవర్‌లో కోట. న్యూకాజిల్ అన్నది 1628లో వచ్చిన బిరుదు పేరు మాత్రమే. విచిత్రంగా 1642 జూన్‌లో రాజు చార్లెస్ ఆయన్ని నిజంగానే న్యూకాజిల్ రేవును కాపాడమని పంపాడు. లండన్ పొయ్యిల్లోకి వెళ్లే బొగ్గంతా అక్కడి నుంచే ఓడెక్కేది మరి. అప్పటికే ఆయన 1639లో స్కాట్లండ్ మీద దండయాత్ర కోసం రాజుకు 10,000 పౌండ్లు అప్పిచ్చి ఉన్నాడు.

ప్రభువు సొంత డబ్బుతో సైన్యాన్ని లేవదీశాడు అని చరిత్ర పుస్తకాల్లో తేలిగ్గా రాసేస్తారు. లెక్క వేసి చూడండి. 22,393 పౌండ్లను 365తో భాగిస్తే రోజుకు 61 పౌండ్లు. వెయ్యి మంది కాల్బలం ఉన్న ఒక రెజిమెంటుకు సిపాయిల జీతమే రోజుకు 33 పౌండ్లు దాటుతుంది. ఆఫీసర్లు, మందుగుండు, గుర్రాలు, బండ్లు దీనికి అదనం. అంటే దేశంలోని అతి పెద్ద ధనవంతుల్లో ఒకడి మొత్తం కౌలు రెండు రెజిమెంట్ల బత్తేనికి చాలదు. 1643 జూన్ 30న ఆడ్వాల్టన్ మూర్ దగ్గర పార్లమెంటు సేనాపతి ఫెయిర్‌ఫాక్స్‌ను ఓడించినప్పుడు ఆయన వెంట దాదాపు పది వేల మంది ఉన్నారు.

మరి ఆ డబ్బు ఎక్కడిది? కొంత వెండి సామాను కరిగించింది. కొంత జిల్లాల మీద వేసిన చందా, అంటే పేరుకు చందా, పనికి పన్ను. ఎక్కువ భాగం పరపతి. 1643 ఫిబ్రవరిలో యార్క్‌షైర్ భూస్వాములు కలిసి ఒక పూచీపత్రం మీద సంతకాలు పెట్టారు: సైన్యం కోసం ఎవరైనా అప్పిస్తే తీర్చే బాధ్యత మాది అని. యుద్ధం ఓడాక ఆ కాగితమే వాళ్ల మెడకు చుట్టుకుంది. ఎవరెవరు రాజు పక్షమో పార్లమెంటు వాళ్లు వేరే విచారించాల్సిన పని లేకుండా, వాళ్ల చేవ్రాళ్లే సాక్ష్యం అయ్యాయి. ప్రభువు యుద్ధానికి తెచ్చేది ఆయన డబ్బు కంటే ఆయన పేరు. కౌలుదారులు, చుట్టుపక్కల చిన్న భూస్వాములు, అప్పిచ్చే వర్తకులు ఆ పేరు చూసి వస్తారు. ఆయన రెజిమెంటు సిపాయిలు రంగు వెయ్యని తెల్ల ఉన్ని కోట్లు తొడుక్కునేవారు. వాళ్లకు తెల్లకోట్లు అనే పేరు అలా వచ్చింది.

ఇక కౌలు సంగతి. 1643 మార్చి 27న పార్లమెంటు జప్తు చట్టం తెచ్చింది. రాజు పక్షాన నిలిచినవాడు 'అపరాధి'. అతని భూముల కౌలు ఇకపై జిల్లా కమిటీ వసూలు చేస్తుంది. రాజు వైపు నుంచీ ఇదే పని జరిగింది. ఉత్తరాన న్యూకాజిల్ సైన్యం ఉన్నంతకాలం పార్లమెంటు పక్షాన ఉన్న నార్తంబర్లండ్ ఎర్ల్ తన ఉత్తరాది కౌలు కళ్ల చూడలేదు. అంటే ఓడినవాడికే కాదు, భూములు శత్రువు ప్రాంతంలో ఉన్న ప్రతి ప్రభువుకూ ఈ తిప్పలే. పెద్ద ప్రభువులకు భూములు నాలుగైదు జిల్లాల్లో చెదిరి ఉండేవి కాబట్టి, ఏ పక్షంలో ఉన్నా ఎక్కడో ఒక చోట దెబ్బ తప్పదు.

మధ్యలో నలిగింది కౌలుదారుడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కమిటీకి కడితే దొర మేనేజరు, సైన్యం తిరిగొచ్చాక, ఆ రసీదు చెల్లదంటాడు. దొరకు కడితే కమిటీ గొడ్లను తోలుకుపోతుంది. సరిహద్దు ప్రాంతాల్లో ఒకే వాయిదాను రెండుసార్లు కట్టినవాళ్లు ఉన్నారు. పైగా సైనికుల మకాం: పూట కూడు, గుర్రానికి గడ్డి, పడక అన్నీ రైతు ఇంట్లో. బదులుగా ఒక చీటీ చేతిలో పెడతారు, తర్వాత డబ్బిస్తామని. ఆ చీటీల్లో చాలా వాటికి డబ్బు రాలేదు. దీనికి తోడు పార్లమెంటు 1643లో మొదలుపెట్టిన వారపు పన్ను, అదే తర్వాత నెలవారీ అయింది. ఈ పన్నును చాలా చోట్ల రైతు తన కౌలులోంచి కోసుకునేవాడు. అందుకే జప్తు కాని భూముల్లోనూ దొరకు వచ్చేది సగమో ముప్పాతికో. దొర ఒత్తిడి చేస్తే రైతు పొలం వదిలేసి పోతాడు. యుద్ధకాలంలో కొత్త కౌలుదారు దొరకడు. కాబట్టి తెలివైన మేనేజర్లు బకాయి పుస్తకంలో రాసుకుని ఊరుకున్నారు.

కమిటీల చేతిలో పడ్డ భూముల జబ్బు వేరు. కమిటీకి కావలసింది సైన్యానికి ఈ నెల డబ్బు. పొలం పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందన్నది వాళ్ల బెంగ కాదు. ఎక్కువ పాడినవాడికి కొద్దికాలం కౌలుకు ఇస్తారు. వచ్చే ఏడాది పొలం తనదో కాదో తెలియనివాడు ఎరువు తోలడు, కంచె కట్టడు, గాడి పూడిక తియ్యడు. వాటికంటే ముందు చెట్లు పోతాయి. ఓక్ చెట్టు వందేళ్లకు గాని ఓడ కలపకు పనికి రాదు, నరకడానికి ఒక పూట చాలు. న్యూకాజిల్‌కు ఎనిమిది వేట వనాలు ఉండేవి. తమ్ముడు డబ్బు కట్టి కాపాడిన వెల్‌బెక్ వనం తప్ప అన్నీ పాడయ్యాయి. ఏడు మైళ్ల చుట్టుకొలత ఉన్న క్లిప్‌స్టన్ ఆయనకు ప్రాణం. తిరిగొచ్చి చూసేసరికి అక్కడ కలపకు పనికొచ్చే చెట్టు ఒక్కటీ లేదు.

ఇల్లు ఎవరు కాపాడతారు? దొర సైన్యంతో ఎక్కడో ఉంటాడు. కాబట్టి ఆ బాధ్యత ఇంటి ఆడవాళ్ల మీద పడింది. డర్బీ ఎర్ల్ జేమ్స్ స్టాన్లీ మ్యాన్ దీవిలో ఉండగా, లాంకషైర్‌లోని లేథమ్ కోటను ఆయన భార్య షార్లట్ 1644 ఫిబ్రవరి చివరి నుంచి మే 27 దాకా నిలబెట్టింది. ముట్టడిదారులు 13 అంగుళాల రాతి గుండ్లు విసిరే మోర్టారు ఒకటి తెచ్చారు. లేథమ్ గోడలు మందం, ఫిరంగికి లొంగవు. మోర్టారు గుండు గోడ మీదుగా ఎగిరి నేరుగా ఇంటి కప్పు మీద పడుతుంది. ఏప్రిల్ 26 తెల్లవారుజామున కోటలోని వాళ్లు హఠాత్తుగా బయటికి దూకి, కాపలాను తరిమి, అడ్డుగా ఉన్న కందకాన్ని పూడ్చి, తాళ్లు కట్టి ఆ మోర్టారును లోపలికి ఈడ్చుకుపోయారు. ఆ తర్వాత నెలకు ముట్టడి తొలగింది. కోట మాత్రం 1645 డిసెంబరులో ఆకలికి లొంగింది. హాంప్‌షైర్‌లో వించెస్టర్ మార్క్విస్ బేసింగ్ హౌస్ అంతకు రెండు నెలల ముందే, అక్టోబరు 14న, పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ చేతికి చిక్కింది. తగలబడగా మిగిలిన రాళ్లూ ఇటుకలూ ఎవరికి కావాలంటే వాళ్లు పట్టుకుపోవచ్చని పార్లమెంటు చెప్పింది. వెల్‌బెక్‌లో న్యూకాజిల్ కూతుళ్లు ఉన్నారు. 1644 ఆగస్టులో ఇల్లు పార్లమెంటు పక్షపు మాంచెస్టర్ ఎర్ల్ సేన వశమైంది. పెద్ద కూతురు జేన్ దొరికినంత వెండి సామాను, గోడ తెరలు దాచింది. తర్వాత నగలు అమ్మి తండ్రికి 1,000 పౌండ్లు పంపింది.

అప్పటికి తండ్రి విదేశంలో ఉన్నాడు. 1644 జులై 2న మార్స్‌టన్ మూర్‌లో రాజు ఉత్తర సైన్యం ఒక్క సాయంత్రంలో తుడిచిపెట్టుకుపోయింది. తెల్లకోట్లు చివరిదాకా నిలబడ్డారు, బతికి బయటపడ్డవాళ్లు కొద్దిమంది. న్యూకాజిల్ స్కార్‌బరో రేవులో ఓడ ఎక్కి హాంబర్గ్ వెళ్లిపోయాడు. చేతిలో 90 పౌండ్లు. రాజసభలో నలుగురూ నవ్వుతుంటే భరించలేనని ఆయన చెప్పిన కారణం. ఈ విషయంలో ఆయన్ని తప్పుపట్టేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నా మటుకు, యుద్ధం ఇంకా సాగుతుండగా సేనాపతి ఓడెక్కడం సమర్థించదగ్గ పని కాదు.

ఓడినవాళ్లలో ఎక్కువమంది దేశం విడవలేదు. వాళ్లకు దారి లండన్ కంసాలి సంఘం భవనంలో దొరికింది. గోల్డ్‌స్మిత్స్ హాల్ అంటే అదే. అక్కడ కూర్చున్న కమిటీ పని రాజీ: జరిమానా కట్టు, భూమి తీసుకో. పద్ధతి ఇలా ఉండేది. ముందు అర్జీ. అందులో తప్పు ఒప్పుకోవాలి. తర్వాత పార్లమెంటు చెప్పిన ప్రమాణాలు చెయ్యాలి, రాజు పక్షాన ఇక కత్తి పట్టనని. ఆ పైన ఆస్తి చిట్టా, సంతకంతో: ఏ ఊళ్లో ఎంత భూమి, యుద్ధానికి ముందు ఏటా ఎంత వచ్చేది, దాని మీద ఎంత తాకట్టు, ఎవరికి ఎంత భరణం. జిల్లా కమిటీ దాన్ని సరిచూస్తుంది. అప్పుడు రేటు ఖరారు. సగం సొమ్ము వెంటనే కట్టాలి, మిగతా సగానికి కొన్ని వారాల గడువు, దానికి హామీ.

రేటు ఏడాది ఆదాయం మీద కాదు, భూమి మొత్తం విలువ మీద. మామూలుగా భూమి విలువ అంటే ఇరవై ఏళ్ల కౌలు. మార్గరెట్ లెక్కలో ఏటా 2,015 పౌండ్ల భూమి 40,300 అయ్యింది ఈ లెక్కనే. ఏటా 300 వచ్చే ఒక చిన్న భూస్వామిని తీసుకోండి. విలువ 6,000. పదో వంతు రేటు పడితే 600, అంటే రెండేళ్ల ఆదాయం. ఆరో వంతు పడితే 1,000. మూడో వంతు పడితే 2,000, దాదాపు ఏడేళ్ల కౌలు. పార్లమెంటు సభ్యుడై ఉండి రాజు పక్షం వెళ్లినవాడికి సగం దాకా. 1646లో ఎక్సెటర్ లాంటి కోటలు ఒప్పంద షరతులతో లొంగినప్పుడు లోపల ఉన్నవాళ్లకు తక్కువ రేటు దక్కింది. అందుకే ఏ కోటలో లొంగిపోయావన్నది భూస్వామికి సైనిక విషయం కంటే ముందు ఆర్థిక విషయం.

మోసం ఎక్కడ జరిగేదో మనకు చెప్పక్కర్లేదు. చిట్టాలో ఆదాయం తగ్గించి రాసేవారు. కమిటీకి ఉప్పందించేవాడికి వాటా ఉండేది కాబట్టి పక్క ఊరి శత్రువో, పని పోయిన మేనేజరో వెళ్లి చెప్పేవాడు. పట్టుబడితే దాచిన భూమికి మళ్లీ జరిమానా. ఇంకో చిక్కు దస్తావేజులది. తాకట్టు ఉందని రుజువు చేస్తే విలువ తగ్గుతుంది, కానీ కోట తగలబడ్డప్పుడు పెట్టెలో ఉన్న పత్రాలూ తగలబడి ఉంటాయి.

ఇక్కడ లాయర్లు రంగంలోకి దిగారు. భూమి మొత్తం దొర పేరున ఉంటే మొత్తం జప్తు. దొరకు ఉన్నది బతికినంతకాలం అనుభవించే హక్కే, ఆ తర్వాత పెద్ద కొడుక్కి, వాడి కొడుక్కి అని ముందే పెళ్లి ఒప్పందంలో రాసి ఉంటే, పోయేది ఆ జీవితకాల హక్కు మాత్రమే. కొడుకు వాటాను ఎవరూ తాకలేరు. మధ్యలో ఖాళీ ఏర్పడి హక్కు తెగిపోకుండా ట్రస్టీలను పెట్టే ఉపాయాన్ని ఈ దశాబ్దాల్లోనే పదును పెట్టారు. అందులో పేరుపడ్డ ఓర్లాండో బ్రిడ్జ్‌మన్, జెఫ్రీ పామర్ ఇద్దరూ రాజపక్షం లాయర్లే. యుద్ధ భయంతో పుట్టి పెరిగిన ఆ దస్తావేజు నమూనా తర్వాత రెండు శతాబ్దాలకు పైగా ఇంగ్లిష్ పెద్ద కుటుంబాల భూములను ముక్కలు కాకుండా పట్టి ఉంచింది.

న్యూకాజిల్‌కు రాజీ దారి మూసుకుపోయింది. క్షమాభిక్ష లేనివాళ్ల జాబితాలో ఆయన పేరు ఉంది. ఇలాంటివాళ్ల భార్యాపిల్లలకు జప్తు ఆదాయంలో ఐదో వంతు ఇవ్వవచ్చని చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది. 1651లో మార్గరెట్ ఆంట్‌వెర్ప్ నుంచి లండన్ వచ్చి గోల్డ్‌స్మిత్స్ హాల్‌లో అదే అడిగింది. కమిటీ కాదంది: పెళ్లి 1645లో అయ్యింది, అప్పటికే ఆయన అపరాధి, తెలిసే చేసుకున్నావు కదా అని. చట్టం మాట మీద చూస్తే వాళ్లన్నది తప్పని చెప్పలేం.

దారి దొరికింది తమ్ముడు చార్లెస్ ద్వారా. పొట్టి మనిషి, గణితం అంటే పిచ్చి, జాబితాలో పేరు లేదు. పార్లమెంటు ప్రమాణాలు చెయ్యనని మొండికేస్తే, రాజుగారి మంత్రి ఎడ్వర్డ్ హైడ్ నచ్చజెప్పి పంపాడు. తన ఆస్తికి జరిమానా కట్టి విడిపించుకున్నాడు, తర్వాత అన్న ఇళ్ల కోసం తిరిగాడు. 1651, 52ల్లో పార్లమెంటు మూడు చట్టాలతో ఏడు వందలకు పైగా రాజపక్షీయుల భూములు అమ్మకానికి పెట్టింది. పద్ధతి ప్రకారం అసలు యజమాని కొనలేడు. కానీ బినామీ కొనవచ్చు. ఈ వ్యాపారంలో ఆరితేరినవాడు జాన్ వైల్డ్‌మన్. నిన్నటిదాకా ప్రజలందరికీ సమాన హక్కులు కావాలని రాసిన లెవెలర్ ఆయనే! చార్లెస్ కావెండిష్ వెల్‌బెక్‌నూ బోల్సోవర్‌నూ తిరిగి కొన్నాడు. బోల్సోవర్‌ను కొన్నవాడు రాళ్లూ సీసమూ అమ్ముకుందామని అప్పటికే పడగొట్టడం మొదలుపెట్టాడు. దాంతో దానికి ఎక్కువ ధర పెట్టాల్సి వచ్చింది.

ఆంట్‌వెర్ప్‌లో అన్నగారు అప్పటికే చనిపోయిన చిత్రకారుడు రూబెన్స్ భార్య దగ్గర అద్దెకు తీసుకున్న ఇంట్లో ఉన్నాడు. అప్పు చేసి పప్పు కూడు అంటారే, ఆయన అప్పు చేసి బార్బరీ గుర్రాలు కొని, వాటికి నడకలు నేర్పుతూ కూర్చున్నాడు. నవ్వొచ్చే సంగతే గాని, అందులో లౌక్యం లేకపోలేదు. చినిగిన కోటుతో తిరిగే ప్రభువుకు ఏ షావుకారూ అప్పివ్వడు. మంచి గుర్రమెక్కి వీధిలో వెళ్లే ప్రభువు, రాజు సింహాసనం ఎక్కిన రోజున తీరుస్తాడులే అన్న నమ్మకం కలిగిస్తాడు. అంతకుముందు పారిస్‌లో ఒకసారి అప్పు పుట్టదని మేనేజరు చేతులెత్తేస్తే, మార్గరెట్ దాసి తన చిన్న చిన్న నగలు తాకట్టు పెట్టడానికి సిద్ధమైంది. న్యూకాజిల్ అప్పులవాళ్లను పిలిచి మాట్లాడాడు. వాళ్లు పాత బాకీ అడగకపోగా కొత్తగా అరువిచ్చారు.

1660లో రాజు చార్లెస్ కొడుకు, రెండో చార్లెస్, తిరిగొచ్చి సింహాసనం ఎక్కాడు. జప్తు చేసి అమ్మిన భూములు పాత యజమానులకు దక్కాయి. జరిమానా కట్టడానికి స్వయంగా అమ్ముకున్న భూములు మాత్రం దక్కలేదు, అవి ఇష్టప్రకారం జరిగిన అమ్మకాలు అని చట్టం తీర్మానించింది. ఈ గీత దగ్గర ఎక్కువ నష్టపోయింది పెద్ద ప్రభువులు కాదు, బుద్ధిగా రాజీ చేసుకుని సగం పొలం అమ్మి మిగతాది కాపాడుకున్న మధ్యతరగతి భూస్వాములు. న్యూకాజిల్‌కు భూములు చాలామటుకు వచ్చాయి, 1665లో డ్యూక్ బిరుదూ వచ్చింది. 56,000 పౌండ్ల భూమి అప్పులవాళ్లకు పోయింది.

డర్బీ కుటుంబానిది ఇంకో రకం. జేమ్స్ స్టాన్లీని 1651 అక్టోబరు 15న బోల్టన్‌లో తల నరికారు. కొడుకు కొన్ని మేనర్లను, అంటే ఎస్టేట్లను, అమ్మాల్సి వచ్చింది. వాటిని తిరిగి ఇప్పించే బిల్లు 1662 నాటికి రెండు సభల్లోనూ గట్టెక్కింది. కొత్త రాజు చార్లెస్ సంతకం పెట్టలేదు. కొనుక్కున్నవాళ్లను కదిపితే దేశమంతా దావాలు మొదలవుతాయని ఆయన భయం. 1732లో ఆ వంశంలోని ఎర్ల్ ఒకడు నోస్లీలోని తమ ఇంటి ముఖం మీద ఒక శాసనం చెక్కించాడు: రాజు రెండో చార్లెస్ పక్షాన నిలిచినందుకు మా తాత తల పోయింది, ఆ విధేయత వల్ల పోయిన ఆస్తిని ఇప్పించమని ఉభయ సభలూ ఏకగ్రీవంగా చేసిన బిల్లును ఆ రాజే కాదన్నాడు అని.